సుదూర పరుగులో నీళ్ల బెల్టు: చెమట లెక్క నుంచి సీసాలు కడగడం దాకా

తెల్లవారుజామున నాలుగున్నరకు నెక్లెస్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టేటప్పుడు హుస్సేన్ సాగర్ మీదుగా వచ్చే గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి వెంట నీళ్లు తీసుకెళ్లాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆరున్నర దాటి ఎండ భుజాల మీద పడేసరికి, పదిహేనో కిలోమీటరు దగ్గర నోరు పిడచకట్టుకుపోయాక, తెరిచి ఉన్న కొట్టు కోసం రోడ్డుకు రెండు వైపులా కళ్లు వెతకడం మొదలుపెడతాయి. నడుముకు కట్టుకునే నీళ్ల బెల్టు ఈ అవస్థ రాకుండా చూస్తుంది. అయినా చాలామంది దాన్ని కొని, రెండు మూడు సార్లు కట్టుకుని, ఎగురుతోందనో ఒరుసుకుంటోందనో విసిగి అలమరలో పడేస్తారు. ఎన్ని నీళ్లు అవసరమో లెక్క చూసుకోకుండా కొనడం, నడుము మీద ఎక్కడ నిలవాలో తెలియకుండా కట్టుకోవడం ఇందుకు ముఖ్యమైన కారణాలు. ఈ రెండూ సరిదిద్దుకుంటే అదే బెల్టు ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

గంటలోపు ముగిసే పరుగుకు, ముందుగా నీళ్లు తాగి బయలుదేరితే, మామూలు వాతావరణంలో బెల్టు అవసరం ఉండదు. ఇక్కడ చెప్పేదంతా గంటన్నర, రెండు గంటలు, అంతకు మించి సాగే పరుగుల గురించి. అంటే హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లకూ, పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లకూ సిద్ధమయ్యేవారి గురించి.

ముందు మీ చెమటను కొలవండి

బెల్టు కొనడానికి ముందు చేయవలసిన పని ఇది. మీరు మామూలుగా పరిగెత్తే వేళలో, మామూలు వేగంతో ఒక గంట పరుగు పెట్టుకోండి. బయలుదేరే ముందు మూత్ర విసర్జన చేసి, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకుని, కాగితం మీద రాసిపెట్టుకోండి. పరుగులో ఎన్ని నీళ్లు తాగారో మిల్లీలీటర్లలో గుర్తుంచుకోండి. తిరిగి వచ్చాక తువ్వాలుతో ఒళ్లంతా తుడుచుకుని, తడిసిన బట్టలు తీసేసి మళ్లీ బరువు చూడండి. చెమట పీల్చుకున్న టీషర్టుతో తూకం మీద నిలబడితే లెక్క తప్పుతుంది.

ఒక లీటరు నీరు దాదాపు ఒక కిలో బరువు ఉంటుంది కాబట్టి తగ్గిన బరువుకు, తాగిన నీళ్లను కలిపితే ఆ గంటలో పోయిన చెమట తెలుస్తుంది. ఉదాహరణకు బయలుదేరినప్పుడు మీ బరువు 68.4 కిలోలు, తిరిగి వచ్చాక 67.5 కిలోలు, మధ్యలో మీరు తాగినవి 300 మిల్లీలీటర్లు అనుకుందాం. తగ్గిన 900 గ్రాములకు 300 కలిపితే గంటకు 1.2 లీటర్ల చెమట పోయినట్టు. ఇదే వేగంతో రెండున్నర గంటలు పరిగెత్తితే పోయేది 3 లీటర్లు.

పోయిన చెమట మొత్తాన్ని పరుగులోనే తిరిగి తాగాలన్న నియమం ఏమీ లేదు. శరీర బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గకుండా చూసుకుంటే చాలునన్నది వ్యాయామ వైద్యంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. 68 కిలోల మనిషికి 2 శాతం అంటే సుమారు 1.36 కిలోలు. 3 లీటర్లలోంచి దాన్ని తీసేస్తే రెండున్నర గంటల్లో తాగవలసింది సుమారు 1.64 లీటర్లు, అంటే గంటకు 650 మిల్లీలీటర్లు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ఎంత బెల్టు కావాలి, మధ్యలో ఎక్కడ నింపుకోవాలి అన్న సందేహాలు రెండూ తీరిపోతాయి.

ఈ కొలత ఒక్కసారితో అయిపోదు. డిసెంబరు ఉదయం వచ్చిన అంకె ఏప్రిల్‌లో పనికిరాదు. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవారికి ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరిపోదు, ఒంటి మీద కారుతూనే ఉంటుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు కాబట్టి శరీరం ఇంకా ఇంకా చెమట పోస్తుంది. అదే వేగం, అదే దూరం అయినా హైదరాబాద్‌లో శీతాకాలపు పొడి గాలిలో వచ్చే లెక్క వేరుగా ఉంటుంది. రుతువు మారినప్పుడల్లా ఒకసారి తూకం వేసుకోవడం మంచిది.

ఎలాంటి బెల్టు ఎంచుకోవాలి

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. వెనుక ఒకే పెద్ద సీసా ఏటవాలుగా ఉండేది ఒకటి, నడుము చుట్టూ రెండు నుంచి నాలుగు చిన్న సీసాలు అమర్చినది రెండోది, తాగినకొద్దీ ముడుచుకుపోయే మెత్తటి సంచీ ఉండేది మూడోది. ఒకే పెద్ద సీసా ఉన్న దానిలో బరువంతా ఒకచోట చేరుతుంది. సగం ఖాళీ అయ్యాక లోపలి నీళ్లు అడుగడుగుకూ ఇటు నుంచి అటు కొట్టుకుంటూ నడుమును లాగుతాయి. మెత్తటి సంచీలో ఆ బాధ లేదు, కానీ పరిగెత్తుతూ దాన్ని తిరిగి జేబులో దూర్చడానికి రెండు చేతులూ కావాలి. మొదటిసారి కొనేవారికి నా సలహా 250 నుంచి 300 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఉన్న బెల్టు. ఒకదానిలో మంచినీళ్లు, రెండోదానిలో ఉప్పు కలిపిన నీళ్లు పెట్టుకునే వెసులుబాటు దానిలో ఉంటుంది.

600 మిల్లీలీటర్ల నీళ్లకు ఫోను, తాళాలు, బెల్టు సొంత బరువు కలిపితే దాదాపు ఒక కిలో అవుతుంది. ఇంతకు మించి నడుము మీద మోయడం మేలు చేయదు. పై ఉదాహరణలోని మనిషి 1.64 లీటర్లూ ఒకేసారి మోయాలని చూడకుండా, 600 మిల్లీలీటర్ల బెల్టుతో బయలుదేరి గంటకు ఒకసారి నింపుకునేలా దారి వేసుకోవాలి. పార్కు చుట్టూ తిరిగే దారి గానీ, బండి నిలిపిన చోటికి తిరిగి వచ్చే దారి గానీ ఇందుకు అనువుగా ఉంటుంది. బండిలో నిండు సీసా ఒకటి ఉంచుకుంటే కొట్టు తెరిచే దాకా ఎదురు చూడనక్కర లేదు.

దుకాణంలో చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. పట్టీ వెడల్పుగా, కొంచెం సాగేలా ఉండాలి. సన్నటి పట్టీ బరువు పడగానే తాడులా మెలికపడుతుంది. లోపలి వైపు కుట్లు వేలితో తడిమితే గరుకుగా తగలకూడదు. సీసాను ఒంటిచేత్తో, చూడకుండా తీసి, చూడకుండా తిరిగి పెట్టగలగాలి. సీసాలు ఖాళీగా ఉన్నప్పుడు ఏ బెల్టయినా చక్కగానే కూర్చుంటుంది కాబట్టి, వీలైతే నీళ్లు నింపి కట్టుకుని అక్కడే నాలుగు గెంతులు గెంతి చూడండి.

ఎక్కడ, ఎంత బిగువుగా కట్టుకోవాలి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ప్యాంటు బెల్టు అలవాటు కొద్దీ దీన్ని కూడా బొడ్డు దగ్గర, పొట్ట మీద కట్టుకుంటారు. పొట్ట మెత్తగా ఉంటుంది, ఊపిరి తీసినప్పుడల్లా ఉబ్బుతుంది. అక్కడ బిగిస్తే ఊపిరి ఆడదు, వదులు చేస్తే బెల్టు ఎగురుతుంది. రెండు చేతులూ నడుము మీద వేసి కిందికి నొక్కితే గట్టిగా తగిలే తుంటి ఎముకలు ఉంటాయి కదా, బెల్టు వాటి మీద ఆనాలి. ముందు వైపు బొడ్డు కంటే మూడు నాలుగు వేళ్లు కిందికి, వెనుక వైపు పిరుదుల మీది ఎత్తుకు కాస్త పైన ఉండాలి. తుంటి వెడల్పుగా ఉన్న కొందరికి, ముఖ్యంగా చాలామంది ఆడవారికి, ఎంత బిగించినా బెల్టు పైకి పాకుతుంది. అలాంటివారు దాన్ని మొదటి నుంచే తుంటికి పైన, నడుము సన్నగా ఉన్న చోట కట్టుకుంటే కదలకుండా నిలుస్తుంది. మీకు ఏది సరిపడుతుందో ఒక కిలోమీటరు పరుగులోనే తెలిసిపోతుంది.

సీసాలు నింపిన తరువాతే బెల్టు బిగించండి. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు కొంచెం కష్టంగా దూరేంత బిగువు చాలు. కట్టుకున్నాక నిటారుగా నిలబడి నిండా ఊపిరి తీసి చూడండి. పొట్ట కింద నొక్కినట్టు అనిపిస్తే ఒక అర అంగుళం వదలండి. సీసాలు రెండూ వెన్నుపూసకు చెరోవైపు, చేతులు ఊగేటప్పుడు మోచేతులు తగలనంత వెనుకకు ఉండాలి. వెన్నుపూస మీద మాత్రం ఏ గట్టి వస్తువూ ఉండకూడదు. పరుగు మొదలైన పది నిమిషాలకు బట్టలు తడిసి పట్టీ సాగుతుంది కాబట్టి అప్పుడు ఒకసారి ఆగి తిరిగి బిగించుకోవడం మామూలే.

ఒరుసుకోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి రోజుల్లో నేను బెల్టును టీషర్టు లోపల, ఒంటికి ఆనించి కట్టుకుని ఇరవై కిలోమీటర్లు పరిగెత్తాను. పరుగులో ఏమీ తెలియలేదు. ఇంటికి వచ్చి మొదటి చెంబు నీళ్లు ఒంటి మీద పోసుకోగానే నడుము వెనుక చుర్రుమని ప్రాణం లేచిపోయినంత పనైంది. అద్దంలో చూసుకుంటే రెండు వైపులా రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. కారణం వెతికితే పట్టీ లోపలి అంచున నైలాను దారం కొస ఒకటి గట్టిపడి బయటికి పొడుచుకు వచ్చి ఉంది. వేలికి అందీ అందనంత చిన్నది. వేల అడుగుల పాటు అదే చోట గీకితే అంత చిన్న కొస చాలు. అప్పటి నుంచి కొత్త బెల్టు రాగానే అంచులన్నీ తడిమి, దారపు కొసలు కత్తిరించి, నిక్కరు నడుం పట్టీ మీద టీషర్టు, ఆ టీషర్టు మీద బెల్టు వచ్చేలా కట్టుకుంటున్నాను. టీషర్టు మడత పడకుండా కిందికి లాగి సరిచేశాకే బకిల్ పెట్టాలి. తడిసిన మడత కూడా కత్తిలాగే కోస్తుంది. నడుము చుట్టూ వాసెలిన్ వంటి పెట్రోలియం జెల్లీ పలుచగా రాసుకోండి. కొబ్బరి నూనె చిన్న పరుగులకు సరిపోతుంది గానీ చెమట ఎక్కువయ్యాక కారిపోతుంది.

సీసాలో ఏం పోయాలి

చెమటతో నీళ్లే కాకుండా ఉప్పు కూడా పోతుంది. పరుగు అయ్యాక నల్లటి టీషర్టు మీద తెల్లటి చారికలు కట్టేవారికి ఉప్పు ఎక్కువగా పోతున్నట్టు. గంటన్నర దాటిన పరుగులో ఒక సీసా ఉప్పు కలిపిన నీళ్లు ఉండటం మేలు. ఇంట్లో చేసుకునేదైతే ఒక లీటరు నీటికి, చెంచా అంచుకు సమంగా కొలిచిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపే పాత పద్ధతి నమ్మదగినది. రుచికి అర చెక్క నిమ్మరసం పిండుకోవచ్చు. కొలత కచ్చితంగా ఉండాలి, ముఖ్యంగా ఉప్పు విషయంలో చేతి అంచనా పనికిరాదు.

మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొడి వాడితే పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉందో అంత నీటిలోనే కలపండి. ఒక లీటరుకు ఉద్దేశించిన పొట్లాన్ని 300 మిల్లీలీటర్ల సీసాలో పోస్తే కడుపులో తిప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉంటాయి. ఆ పేరుతో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు చాలావాటిలో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉండేది. సూత్రం ప్రకారం తయారుకాని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనుక ఉంది. ఏ డబ్బా కొన్నా వెనుక వైపు సోడియం, చక్కెర అంకెలు చదివి కొనండి.

కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పరుగులో తాగాలంటే చిటికెడు ఉప్పు కలపాలి. మజ్జిగ పరుగు తరువాత ఎంతో హాయిగా ఉంటుంది గానీ బెల్టు సీసాలో పోయకండి, ఒంటి వేడికి, కుదుపుకు పులిసిపోతుంది. ఈ నీళ్లు ఏవీ ఆహారానికి బదులు కావు. రెండు గంటలు దాటే పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరమవుతుంది కాబట్టి బెల్టు జేబులో గింజ తీసిన ఖర్జూరాలో, బెల్లం ముక్కలో, మీకు అలవాటైన ఎనర్జీ జెల్ పొట్లమో పెట్టుకోండి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల సమస్యలు, మధుమేహం ఉన్నవారు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ల గురించి ముందుగా తమ వైద్యుడిని అడగాలి.

వేసవిలో ఒక సీసాను మూడో వంతు నీటితో ముందు రాత్రి పక్కకు పడుకోబెట్టి గడ్డకట్టించి, ఉదయం పైన నీళ్లు పోస్తే గంట దాకా చల్లగా ఉంటుంది. నిండుగా పోసి గడ్డకట్టిస్తే మంచు ఉబ్బి సీసా పగులుతుంది. పరుగుకు బయలుదేరేటప్పుడు మాత్రం సీసాను మూతి దాకా నింపి, పక్కలు నొక్కి లోపలి గాలి పోనిచ్చి మూత పెట్టండి. గాలి లేకపోతే గళగళ శబ్దమూ ఉండదు, కుదుపూ తగ్గుతుంది.

పరిగెత్తుతూ తాగడం

ఇది సాధన చేయవలసిన పని. వేగం కాస్త తగ్గించి, అడుగులు చిన్నవి చేసి, సీసాను పైకి లాగండి. పక్కకు లాగితే బెల్టంతా తిరిగిపోతుంది. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, ముక్కుతో ఊపిరి విడిచి, అప్పుడు మింగండి. ఊపిరి లోపలికి తీస్తూ మింగబోతే పొలమారుతుంది. రెండు మూడు గుక్కలు చాలు. నడుస్తూ తాగడంలో నామోషీ ఏమీ లేదు. ఇరవై సెకన్ల నడకతో పోయేది ఏమీ ఉండదు, నీళ్లు సగం గడ్డం మీద కారిపోవడం కంటే అది ఎంతో నయం. సీసాను తిరిగి పెట్టాక వేలితో నొక్కి, పట్టు దొరికిందని తెలిశాకే చేయి తీయండి. ఒక హాఫ్ మారథాన్‌లో ఫ్లైఓవర్ దిగుతుండగా సగం దూర్చిన నా సీసా జారి పడింది. దానికోసం చటుక్కున వెనక్కి తిరిగాను. వెనుక వస్తున్నవారు పక్కకు తప్పుకోకపోతే ఇద్దరం కింద పడేవాళ్లం. జారిపోయిన సీసా కోసం ఎప్పుడూ ముందు రోడ్డు అంచుకు జరిగి, ఆగి, ఆ తరువాతే తిరగాలి.

కుడి సీసాలోంచి ఒకసారి, ఎడమ సీసాలోంచి ఒకసారి తాగితే బరువు రెండు వైపులా సమంగా తగ్గుతుంది. పదిహేను ఇరవై నిమిషాలకు ఒకసారి దాహం వేస్తోందా అని మిమ్మల్ని మీరు అడగండి, వేస్తే తాగండి. మీరు లెక్కగట్టిన అంకె (పై ఉదాహరణలో గంటకు 650 మిల్లీలీటర్లు) హద్దు మాత్రమే, దాహం లేకపోయినా పూర్తి చేయవలసిన పని కాదు.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నీళ్లు తక్కువైతే వచ్చే ప్రమాదం అందరికీ తెలుసు. ఎక్కువైతే వచ్చేది చాలామందికి తెలియదు. చెమటగా పోయేదానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది, అది తీవ్రమైతే మెదడు వాస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని గమ్యం దగ్గర పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదాని కంటే తక్కువగా ఉన్నట్టు తేలింది. 2005లో వెలువడిన ఆ అధ్యయనంలో పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారికే ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. పరుగు తరువాత మీ తూకం ముందుకన్నా ఎక్కువ చూపిస్తే మీరు అతిగా తాగారన్నమాట. వేళ్లు ఉబ్బడం, ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వికారం, మాట తడబడటం కనిపిస్తే నీళ్లు ఆపి వైద్య సహాయం తీసుకోండి. పరుగుకు ముందు ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోవడం మూత్రపిండాల మీద భారం పెంచుతుంది కాబట్టి ఆ అలవాటు ఉంటే మానుకోండి. ఎండలో పరిగెత్తుతున్న వ్యక్తి అయోమయంగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోస్తూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

రేసు రోజు

కొత్త బెల్టును రేసు రోజు మొదటిసారి కట్టుకోకండి. కనీసం నాలుగైదు సుదీర్ఘ పరుగుల్లో అదే బెల్టు, అదే టీషర్టు, అవే నీళ్లు వాడి చూసి ఉండాలి. పెద్ద మారథాన్లలో దారి పొడవునా నీటి కేంద్రాలు ఉంటాయి కాబట్టి అన్ని సీసాలూ మోయనవసరం లేదు. ఉప్పు నీళ్ల సీసా ఒక్కటి నింపుకుని, మంచినీళ్లు కేంద్రాల్లో తాగడం నాకు బాగా కుదిరింది. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వంటి ఎత్తుపల్లాల దారిలో, తేమ నిండిన వానాకాలపు గాలిలో, నడుము మీద తగ్గిన ప్రతి మూడు వందల గ్రాములూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తాయి. ఒక్క సీసానే ఉంటే రెండో వైపు జేబులో ఫోను పెట్టి బరువు సరిచూసుకోండి. ఫోనును ముందుగా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టాలి, చెమట చార్జింగ్ రంధ్రంలోకి దిగుతుంది. నంబరు కాగితం బెల్టు కింద దాగిపోకుండా ఛాతీ మీద పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక

అలసిపోయి సీసాలను అలాగే వదిలేయాలనిపిస్తుంది. చక్కెర నీళ్లు ఉన్న సీసా ఒక్క పగలు అలా ఉంటే జిగట పడుతుంది, రెండు రోజులైతే మూతి లోపల నల్లటి చుక్కలు మొలుస్తాయి. రాగానే గోరువెచ్చని నీటితో కడిగి, మూతిని విడదీసి పాత టూత్‌బ్రష్‌తో లోపల రుద్దండి. వారానికి ఒకసారి చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లలో అరగంట నానబెడితే వాసన పోతుంది. మూతలు బిగించకుండా బోర్లించి ఆరబెట్టాలి. ఎండలో నిలిపిన కారులో సీసాలను వదిలేయకండి.

బెల్టును ప్రతి సుదీర్ఘ పరుగు తరువాత చల్లటి నీటిలో చేత్తో పిండి, నీడలో వేలాడదీయండి. ఎండకు, వాషింగ్ మెషీన్ వేడికి ఎలాస్టిక్ పట్టు పోతుంది. జిప్ పళ్ల మధ్య చెమట ఉప్పు గట్టిపడి బిగుసుకుంటుంది కనుక అక్కడ నీళ్లు ధారగా పోయండి. పూర్తిగా బిగించినా సీసాలు నింపగానే బెల్టు కిందికి జారుతోందంటే ఎలాస్టిక్ కాలం తీరిపోయినట్టే, దాన్ని మార్చండి.